కలిస్తే ఏడ్చేవాళ్లు

నాకు కోపమెక్కువ. మా హోంలో పిల్లలకు తెలుసు, సూపరింటెండెంట్ మేడంకు తెలుసు, కూరగాయలు తెచ్చే శివయ్యకు మరీ బాగా తెలుసు. అందుకని ఆ రోజు రిజిస్టరులో నేను రాసిన రెండు వాక్యాలూ కోపంలో రాసినవని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. చాలా నిదానంగా, అక్షరాలు గుండ్రంగా దిద్ది మరీ రాశాను. "అమ్మమ్మ వచ్చినప్పుడు పాప బిగ్గరగా ఏడ్చింది. ఈ రాకపోకల వల్ల పాప మనసు చెదిరిపోతోంది."

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు దిగి రెండు సందులు లోపలికి వస్తే మా హోం. నా అన్నవాళ్లు లేని ఆడపిల్లలు ముప్పై మంది ఉంటారు. నేను హౌస్ మదర్‌ని. పేరు లీదియా, పిల్లలకు లీదియక్కను. పెళ్లయిన ఆరేళ్లకు మా ఆయన వేరే దారి చూసుకున్నాడు. నాకు పిల్లలు కలగలేదు. తల్లి అన్న మాట నా ఉద్యోగం పేరులో ఉంది గానీ నన్ను అమ్మా అని పిలిచినవాళ్లు లేరు.

పోయిన ఏడాది వానాకాలంలో రేణుకను పోలీసులు తెచ్చి అప్పజెప్పారు. ఆరేళ్ల పిల్ల. మంచాల అవతల ఒక తండా వాళ్లది. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. తల్లి పిల్లను వెంటబెట్టుకుని ఆదిభట్ల దిక్కు ఏదో బిల్డింగు పనికి వచ్చి, మూడో అంతస్తు నుంచి పడి చనిపోయింది. పిల్ల మేస్త్రీకి తన పేరు చెప్పింది, ఊరు పేరు చెప్పలేకపోయింది. లంబాడీల తండా అంటే ఎవరికి తెలుస్తుంది? వంద తండాలున్నాయి.

రెండు నెలలు ఆ పిల్ల కోసం ఎవరూ రాలేదు. ఆ రెండు నెలల్లో రేణుక నా వేలు పట్టుకోనిదే పడుకునేది కాదు. జడ నేనే వెయ్యాలి, ఇంకొకరు దువ్వెన పడితే మంచం కిందికి దూరేది. పిల్లల్ని 'నా పిల్ల' అనుకోవద్దని మాకు ట్రైనింగులో చెప్తారు. చెప్పినవాళ్లు ఒక్క రోజు వచ్చి ఆ పిల్ల జడ వేసి చూస్తే తెలిసేది. నేను అనుకున్నాను. గట్టిగానే అనుకున్నాను.

అప్పుడు వచ్చింది కేస్లీ. రేణుక తల్లికి తల్లి, పిల్ల నాని అని పిలుస్తుంది. క్యాలెండర్ల మీద లంబాడీ బొమ్మల్లాగా అద్దాల రవికా గిద్దాల రవికా ఏమీ లేదు, మా అమ్మ కట్టుకునేలాంటి సాదా నూలు చీర. కూతురు చచ్చిన సంగతి తెలిసేసరికే నెల దాటిందట. ఆ తర్వాత పిల్లను వెతుక్కుంటూ ఠాణాలన్నీ తిరిగి తిరిగి ఒక రెండో శనివారం నాడు మా గేటు ముందు నిలబడింది. చేతిలో గిన్నెలో రొట్టె నలిపి బెల్లం వేసిన మలీద.

పిల్లను తీసుకొచ్చాను. ముసలామె దాన్ని చూడగానే మెడ చుట్టూ చేతులు వేసి, తల భుజాన ఆనించి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. రేణుక కూడా అదే రాగంలో అందుకుంది. మా దగ్గర ఒక్కసారి కూడా నోరు తెరిచి ఏడవని పిల్ల! వాళ్ల భాష నాకు రాదు. మధ్య మధ్య 'యాడీ' అన్న మాట ఒక్కటి తెలిసింది, అమ్మ అని. వరండాలో పిల్లలంతా పోగయ్యారు, చిన్నవాళ్లు జడుసుకున్నారు. నేను వెళ్లి ఇద్దర్నీ విడదీశాను. విడదీసేటప్పుడు రేణుక నా చేతిని తోసేసింది.

ఆ తోసెయ్యడమే నాకు తగిలింది. సాయంత్రం రిజిస్టరు తీసి ఆ రెండు వాక్యాలు రాశాను. అదే రోజు రేణుక రెండోసారి అడిగి అన్నం పెట్టించుకుంది. నా వేలు అడక్కుండానే పడుకుంది. అవి రాయలేదు.

మా సూపరింటెండెంట్ శ్రీసుధ మేడం చెడ్డమనిషి కాదు. కాగితం మీద ఉన్నది నమ్ముతుంది, అంతే. తర్వాతి నెల కూడా అలాగే ఏడుపు జరిగేసరికి నన్ను పిలిచింది.

"ఆవిడ వచ్చినప్పుడల్లా పాప ఇలా అయిపోతుంటే ఎలా లీదియా? ఏడవకుండా ఉంటానంటేనే లోపలికి పంపండి. ఆవిడ ఇలాగే చేస్తే పిల్లను ఇవ్వడం కూడా కష్టమని చెప్పండి."

చెప్పాను. గేటు దగ్గర నిలబడి, తెలుగులో, రెండుసార్లు చెప్పాను.

"ఏడ్వద్దా?" అంది కేస్లీ.

"ఏడ్వద్దు. ఏడిస్తె పిల్లనియ్యరు."

ఆమె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "సరె బిడ్డా" అంది.

ఆ తర్వాత మూడు నెలలు ఆమె ఏడవలేదు. నెలకోసారి వచ్చేది. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునేది. తిన్నవా, చదువుతున్నవా అని అడిగేది. పిల్లను ముట్టుకుంటే ఎక్కడ ఏడుపు వస్తుందో అని ముట్టుకునేది కాదు. రేణుక మొదటిసారి ఎదురు వెళ్లి చేతులు చాపి నిలబడింది. ముసలామె పళ్లు బిగించి తల పక్కకు తిప్పుకుంది. రెండోసారి రేణుక చేతులు చాపలేదు. మూడోసారి పిలిస్తే, ఆడుకుంటున్న, రాను అంది.

నాకు సంతోషమైంది. దాచి ఏం లాభం, సంతోషమే అయింది. ఆ రాత్రి పిల్ల మళ్లీ నా వేలు పట్టుకుంది.

చలికాలం పోతుండగా బాలల సంక్షేమ సమితి ముందుకు కేసు వచ్చింది. పిల్ల అమ్మమ్మ దగ్గరికి పోవాలా, హోంలోనే ఉండాలా అన్నది ఆ రోజు తేలాలి. నేనూ మేడమూ రేణుకను తీసుకుపోయాం. కేస్లీ ఒక్కతే వచ్చి గోడవారన నిలబడింది. సమితి పెద్ద ఒకామె, నెరిసిన జుట్టు, మాట మెత్తన. రేణుకను దగ్గరికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వు ఎవరి దగ్గర ఉంటవ్ రా?"

రేణుక కుర్చీ దిగి వచ్చి నా కొంగు పట్టుకుంది. "లీదియక్క దగ్గర."

ఎన్నాళ్లుగా కోరుకున్న మాట! నలుగురి ముందు, ఎవరూ నేర్పకుండా దాని నోటి నుంచి వచ్చింది. నా కడుపు చల్లబడింది.

"మరి మీ నాని?"

"ఆమె మావోళ్లు కాదు."

"అట్ల అని ఎవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. నన్ను చూసి ఏడుస్తలేదు గద."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. సమితి పెద్దామె కళ్లద్దాలు తీసి కేస్లీ వైపు చూసింది. "ఏంటమ్మా ఇది? పిల్ల ఏమంటున్నది?"

కేస్లీ గోడ వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. "మేం శాన దినాలకు కలిస్తె మెడలు పట్టుకొని ఏడుస్తం మేడం. ఊకె ఏడ్సుడు కాదు. నువ్వు నాకేమైతవ్, నీ తల్లి నాకేమైతది, ఎవలు పోయిన్రు, ఎవలు మిగిలిన్రు, అన్ని చెప్పుకుంట ఏడుస్తం. ఏడిస్తె మనోళ్లు. ఏడ్వకుంటె బాటన పోయెటోళ్లు. పుట్టినకాంచి పిల్ల గదే చూసింది. ఈళ్లు ఏడ్వద్దన్నరు. ఏడిస్తె పిల్లను ఇయ్యం అన్నరు. గందుకే మూడు నెల్లు పండ్లు బిగవట్టుకొని వచ్చిన, పోయిన." ఆమె మళ్లీ పళ్లు బిగించింది. అక్కడ కూడా ఏడిస్తే పిల్లను ఇవ్వరేమోనని భయం.

మేడం నా వైపు చూసింది. ఆమె చేతిలో ఫైలు, ఫైలులో నా గుండ్రటి అక్షరాలు.

నేను ఊరుకుంటే సరిపోయేది. పిల్ల ఇష్టం ఏమిటన్నది పిల్లే చెప్పింది. ముసలామె మాట ఒకటి, రిజిస్టరు మాట ఒకటి అయితే ఎవరైనా రిజిస్టరునే చూస్తారు. నా కొంగు రేణుక పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి ఎంత చిన్నదో నాకు తెలుసు, రోజూ కడిగే చెయ్యి. ఇంకో పదేళ్లు కడగొచ్చు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ పిల్ల అంటున్నదేమిటి? నాకు ఎవరూ లేరు అంటోంది. ఉన్న ఒక్క మనిషినీ లేకుండా చేసింది నేను. అది తెలిసి ఆ చెయ్యి ఎలా కడగను?

"ఆ రాసింది నేనే మేడం" అన్నాను. "అది అబద్ధం కాదు, కని సగమే రాసిన. ఏడ్సిన రోజు పిల్ల రెండుమాట్ల అన్నం తిన్నది. మంచిగ పండుకున్నది. గది రాయలే."

"ఎందుకు రాయలే?"

"పిల్ల నాకు కావాలని."

శ్రీసుధ మేడం "లీదియా!" అంది. నేను కేస్లీ వైపు తిరిగాను.

"ఏడువమ్మా. ఎవ్వలు ఏమనరు. మీరు ఎట్ల ఏడుస్తరో అట్లనే ఏడువు."

ఆమె నమ్మలేదు. కుర్చీల్లో ఉన్న అందరి మొహాలూ చూసింది. పెద్దామె తల ఊపాక, అక్కడే నేల మీద కూలబడి, చేతులు చాపి, రాగం ఎత్తుకుంది. మూడు నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అటెండరు పరుగెత్తుకొచ్చి తలుపు తీసి, మళ్లీ మూశాడు. నా కొంగు కాసేపు అలాగే బిగిసి ఉంది. తర్వాత వదులైంది. ఆ తర్వాత పిడికిలి లేదు. రేణుక ముసలామె మెడ పట్టుకుని తనూ అందుకుంది. వినడానికి నాకు కష్టమైంది గానీ ఈసారి విడదీయలేదు.

పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరగాలని, తండా బడిలో చేర్పించాలని, హోం నుంచి ఎవరైనా వెళ్లి చూసి వస్తుండాలని సమితి రాసింది. నా మీద మేడం ఏమీ రాయలేదు. మందలించింది, అది చాలు.

పోయే రోజు జడ నేనే వేశాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, విప్పడానికి పొద్దంతా పట్టేంత గట్టిగా. రేణుక ఆటో ఎక్కి నాని ఒళ్లో కూర్చుంది. నేను దగ్గరగా వెళ్లి నిలబడ్డాను. ఒక్కసారి మెడ పట్టుకుని ఏడుస్తుందేమో అని. ఏడిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాను. అది నవ్వుకుంటూ చెయ్యి ఊపింది. "లీదియక్కా, టాటా!" ఆటో సందు తిరిగింది. పిల్ల నవ్వుతూ పోతే ఏ హౌస్ మదరైనా సంతోషించాలి. నేను స్నానాల గదిలోకి వెళ్లి నల్లా తిప్పుకుని కూర్చున్నాను.

ఎండాకాలం మొదట్లో మేడం నన్నే పంపింది, పిల్లను చూసి రమ్మని. మంచాల బస్సు దిగి, ఆటోలో తండాకు వెళ్లాను. సిమెంటు రోడ్డు, రేకుల ఇళ్లు, ఒక ఇంట్లో టీవీ సీరియల్ మోగుతోంది. రేణుక ఒక వేలు పొడవు పెరిగింది. జడ ఎవరో వంకరగా వేశారు. సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"కూసో అక్కా" అంది. చెంబుతో నీళ్లు తెచ్చింది, చుట్టాలకు ఇచ్చినట్టు రెండు చేతులతో. కేస్లీ చాయ్ పెట్టింది. ఫారంలో ఉన్నవన్నీ అడిగాను. బడికి పోతున్నవా? పోతున్న. జ్వరం గిట్ల వచ్చిందా? రాలే. అన్నీ మంచి జవాబులే.

అంతలో వేరే తండా నుంచి కేస్లీ చెల్లెలు ఆటో దిగింది. రేణుక చాయ్ గ్లాసు వదిలి పరుగెత్తింది. ఆమె వంగి పిల్ల మెడ పట్టుకుంది, ఇద్దరూ రాగం తీసి ఏడ్చారు. కేస్లీ కూడా వెళ్లి కలిసింది. కాసేపటికి ముగ్గురూ కళ్లు తుడుచుకుని నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. నేను మంచం మీద ఫారం పట్టుకుని కూర్చున్నాను.

"పోయొస్త మరి" అని లేచాను. ఆ మాట పూర్తి కాలేదు, నాకు ఏడుపొచ్చింది. రాగం లేదు, ఏమీ లేదు, ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చే పిచ్చి ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రేణుక నన్ను తేరిపార చూసింది.

"అక్కా, గట్ల కాదు" అంది. నా కొంగు లాగి నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడి రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసింది. నా తల తన భుజానికి ఆనించుకుంది. భుజం దగ్గర కొబ్బరినూనె వాసన, బెల్లం వాసన. "ఇట్ల పట్టుకోవాలె. ఇగ చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నేను నీకు ఏమైతనో గది చెప్పాలె. చెప్పుకుంట ఏడ్వాలె."

నోరు తెరిచాను. బిడ్డా అందామంటే, ఆ మాట దాని తల్లిది. ఇందాక ముగ్గురి ఏడుపులోనూ 'యాడీ' అన్న మాట వినపడుతూనే ఉంది. చెల్లె అందామంటే, అక్కా అని నన్ను ముప్పై మంది పిలుస్తారు. నా భాషలో నాకున్న మాటలన్నీ వెతుక్కున్నాను.

రేణుక చేతులు తియ్యలేదు. నేను మొదలుపెడతానని అలాగే నిలబడి ఎదురుచూస్తోంది.