అన్న నిలబడిన చోటు

వదిన ఫోన్ చేసి "గీతలు వస్తున్నాయే" అన్నప్పుడు నట్టు తన దుకాణంలో ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పుకుని కూర్చుంది. ఏ గీతలు, ఎక్కడ అని అడగాల్సిన పని లేదు.

"ఏ రంగు?"

"గులాబీ. నిలువుగా. మీ అన్న వీపు మీదుగా పోతున్నాయి."

నట్టు చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి, మళ్ళీ బిగించాక ఒక నట్టు మిగిల్చినందుకు అన్న ఆమెకు పెట్టిన పేరు నట్టు. అసలు పేరుతో పిలిస్తే ఆమె పలకడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేయడమే ఆమె బతుకుతెరువు.

అన్నకు ఒక కంప్యూటర్ ఆట పిచ్చి ఉండేది. అందులో యుద్ధాలు లేవు, గెలుపోటములు లేవు. ఒక మనిషి భుజాన సంచీ వేసుకుని కొండదారుల్లో నడుచుకుంటూ పోతాడు, అంతే. ఎనిమిది నెలల క్రితం ఒక ఉదయం అన్న ఆ మనిషిని ఒక మలుపులో, రాయి పక్కన ఆపి, ఆట సేవ్ చేసి, చొక్కా వేసుకుని పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం గిడ్డంగిలో గుండె ఆగిపోయింది.

వదిన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఆట తెరవడానికి మౌస్ రెండుసార్లు నొక్కుతుంది. కీబోర్డు మీద మాత్రం వేలు పెట్టదు. తెర మీద ఆ మనిషి అటు తిరిగి నిలబడి ఉంటాడు. ముందంతా పొగమంచు. టీ అయ్యేదాకా వదిన ఆ వీపుతో ఆ రోజు కబుర్లన్నీ చెబుతుంది. బయటికి వచ్చేటప్పుడు సేవ్ చేయాలా అని ఆట అడుగుతుంది. వద్దని నొక్కుతుంది. ఒక్క అడుగు జరిగినా అది ఆయన చేత్తో ఆపిన చోటు కాకుండా పోతుంది. ఆ చోటు అలాగే ఉండాలి. ఆ పెట్టె నుంచి వదినకు కావలసింది అదొక్కటే.

గులాబీ గీతలంటే గ్రాఫిక్స్ కార్డు పోబోతోందని అర్థం. అది పోతే తెర చీకటే.

ఆదివారం మధ్యాహ్నం నట్టు కొత్త కార్డు తీసుకుని వెళ్ళింది. మరీ కొత్తది కాదు, ఎవరో వాడి మార్చుకున్నది. పాతదానితో పోలిస్తే మాత్రం ఏనుగు.

"దీనివల్ల మీ అన్నకేమీ కాదుగా?" తలుపు తీస్తూనే అడిగింది వదిన.

"కార్డు బొమ్మ గీసే చెయ్యి మాత్రమే వదినా. అన్న ఉండేది డిస్క్‌లో. దాని జోలికి నేను పోను. ఏమీ మారదు."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. ముందొక నకలు తీస్తాను. పది నిమిషాలు." దుకాణంలో ఎవరి పెట్టె విప్పినా మొదటి పని అదే. అది చేయకుండా నట్టు ఇన్నేళ్ళలో ఒక్క స్క్రూ తిప్పలేదు.

"నకలంటే?"

"ఇది పోయినా ఇంకోటి ఉంటుంది."

"అంటే ఇద్దరవుతారు."

"ఇద్దరేంటి వదినా, అదొక ఫైలు..."

"ఒక్కడితోనే వేగలేక చచ్చాను, ఇద్దరితో ఎక్కడ వేగను?" వదిన నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "వద్దే. తర్వాత ఏది ఆయనో నాకు తెలియకుండా పోతుంది."

నట్టు వాదించలేదు. కంప్యూటర్ పక్క తలుపు తీసింది. లోపల దుమ్ము దూదిలా పట్టి ఉంది.

"ఛీ, ఎన్నాళ్ళ నాటిదే ఇది?"

"అన్న ఉన్నప్పటిది."

వదిన ఒక్క క్షణం దాన్ని చూసి, చీపురు తెచ్చిచ్చింది. "ఊడ్చెయ్. ఎన్నిసార్లు చెప్పినా తుడిచిన మొహం కాదు."

పాత కార్డు తేలిగ్గానే ఊడి వచ్చింది. కొత్తది పెట్టబోతే బొటనవేలంత పొడవు ఎక్కువైంది. చివర డిస్క్ అడ్డం. నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది, వంచి చూసింది. వేరే దారి లేదు.

"జోలికి పోనన్నావు," అంది వెనక నుంచి వదిన.

"కింది అరలోకి జరపాలి. అంతే."

డిస్క్ బయటికి తీసి బల్ల మీద పెట్టబోతుంటే వదిన రెండు చేతులూ చాచింది. "అక్కడ పెట్టకు. ఇటివ్వు."

నట్టు కార్డు బిగించి తీగలు కలిపేంతసేపూ వదిన దాన్ని దోసిట్లో పట్టుకుని నిలబడే ఉంది. 

"ఇంత బరువేనా?" అని ఒకసారి అడిగింది. నట్టు దాన్ని ఆమె దోసిట్లోంచి తీసుకుని కింది అరలో బిగించింది.

కంప్యూటర్ లేచింది. గీతలు లేవు. ఆట తెరిచేసరికి ఒక ప్రశ్న వచ్చింది: కొత్త కార్డు కనబడింది, దానికి తగ్గట్టు బొమ్మ నాణ్యత పెంచమంటారా? నట్టు చేయి అలవాటుగా అవునని నొక్కేసింది. రోజూ వచ్చేవాళ్ళందరికీ నొక్కినట్టే నొక్కింది.

మలుపు కనబడింది. అదే రాయి, అదే సంచీ, అదే వీపు. పొగమంచు పలచబడి దాని వెనక గడ్డి తెలుస్తోంది. ఆ గడ్డి ఊగుతోంది.

"హమ్మయ్య," అంది నట్టు.

వదిన కుర్చీలో కొద్దిగా ముందుకు వంగింది. నట్టు కూడా అప్పుడే చూసింది. తెర మీది మనిషి భుజాలు మెల్లగా లేచి, మెల్లగా దిగాయి. మళ్ళీ లేచాయి.

"ఊపిరి తీస్తున్నాడే," అంది వదిన.

"ఆటలో ఉన్నదే వదినా. పాత కార్డుకు అంత శక్తి లేక అన్న ఇలాంటివన్నీ ఆపి పెట్టుకున్నాడు. ఏ మీటా నొక్కకపోతే మనిషి ఊరికే ఇలా..."

ఆ మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాడు. సంచీ పట్టీ సర్దుకున్నాడు. తర్వాత తల తిప్పి, భుజం మీదుగా వాళ్ళ వైపు చూశాడు.

అది అన్న ముఖం కాదు. ఎవరో బొమ్మ మనిషి, గడ్డం, అలసిన కళ్ళు. అది తెలిసీ నట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. అతను కాసేపు చూసి, మళ్ళీ అటు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఇలాగే చూసేవాడా?"

"చూసేవాడేమో. మనకు కనబడేది కాదు." అన్నాక నట్టు నాలుక కరుచుకుంది.

"రోజూ నేను ఇక్కడ కూర్చుని టీ తాగాను," అంది వదిన. "ఆయన నిలబడే ఉన్నాడు. ఎనిమిది నెలలు."

"నా తప్పే. ఒక్క నొక్కు వదినా, నాణ్యత తగ్గించేస్తాను. మళ్ళీ ఎప్పటిలా కదలకుండా ఉంటాడు."

"కదలకుండా ఉంటాడా, కదిలేది కనబడకుండా ఉంటుందా?"

నట్టుకు జవాబు తెలుసు. దుకాణంలో ఎవరు అడిగినా అరనిమిషంలో చెప్పేది. ఆ గదిలో మాత్రం మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తెర మీద మనిషి మళ్ళీ కాలు మార్చాడు.

"కూర్చోడానికి మీట ఉందా?"

"ఉంది. కానీ..."

"ఏది?"

"కింది వరసలో, సి. వదినా, ఆగు. నకలు లేదు. కూర్చోబెట్టి సేవ్ చేశావంటే అన్న ఆపింది ఇక ఉండదు. ఎవరూ తెచ్చివ్వలేరు. నేనూ తేలేను."

వదిన ఆ మాట విన్నది. ఆ వీపునే చూస్తూ వేలు మీట పైకి తెచ్చి ఆపింది. ఆ మనిషి రెండోసారి తల తిప్పి చూశాడు. ఆమె నొక్కింది.

అతను సంచీ దించాడు. దాన్ని కాళ్ళ దగ్గర పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, రాయి మీద కూర్చున్నాడు. పొగమంచు వైపే చూస్తున్నాడు. వదిన సేవ్ మీద తనే నొక్కింది. తెర మూలలో చిన్న చక్రం తిరిగి మాయమైంది.

ఇద్దరూ ఎదురుచూశారు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అతను మళ్ళీ వెనక్కి చూడలేదు.

వదిన చెంపలు తుడుచుకోలేదు. నట్టు పనిముట్లు సంచీలో వేసుకుంది. తెరకు వీపు పెట్టడానికి మనసొప్పక, పక్కకి ఒరిగి ఒక్కొక్కటే తీసుకుంది. పని అయ్యాక కంప్యూటర్ ఆపడానికి చెయ్యి చాచింది.

వదిన ఆ చేయి పట్టుకుంది.

"ఉంచవే కాసేపు. ఇప్పుడేగా కూర్చున్నాడు."