పదకొండు రోజుల నీడ

అక్టోబరు నెలలో వరసగా పదకొండు రోజులు, మబ్బు లేకుండా, గ్రహణం లేకుండా, పదిన్నరకీ పన్నెండున్నరకీ మధ్య ఎండలో అయిదో వంతు మాయమైపోయిందని డాక్టర్ హేమనళిని కనిపెట్టింది.

లాప్‌టాప్ మూత సగం దించి, మళ్ళీ ఎత్తి చూసింది. తెర మీద గీత మారలేదు. రోజూ అదే వేళకు గుంటలోకి దిగుతోంది, అదే వేళకు పైకి లేస్తోంది.

"ఇది ఆకాశం చేసిన పని కాదు. ఎవరో మనిషి చేసిన పని," అంది.

ఆ గీత గీసింది నేనే. నేను ఒక ఎండ మీటరును. తెల్లటి లోహపు ఒళ్ళు, నెత్తిన ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు గాజు గిన్నెలు, వాటి కింద కాటుక లాంటి నల్లటి బిళ్ళ. ఎండ తగిలితే బిళ్ళ వేడెక్కుతుంది. ఎంత వేడెక్కిందో తీగలోంచి కబురు పంపుతాను. నా చదువంతా అదే. ఎండ ఎంతుందో చెప్పగలను. ఎందుకు తగ్గిందో తెలిసినా చెప్పలేను. ఆ పదకొండు రోజుల సంగతి నాకు మొదటి రోజునుంచీ తెలుసు. అందుకే ఇదంతా మీకు చెప్పుకుంటున్నాను.

ఎండ కోసం మొహం వాచిపోయే ఒక చలిదేశంలో నన్ను తయారుచేశారు. నా గాజును అక్కడొక ముసలాయన వారం రోజులు అరగదీశాడు. ఆయన జీవితం మొత్తం మీద చూసినంత ఎండ నేను మన దేశంలో దిగిన మొదటి వేసవిలో చూశాను. మొదట ఒక వ్యవసాయ కాలేజీ డాబా మీద ఉన్నాను. కుర్రాళ్ళు ఆదివారాలు సరిగ్గా నా నెత్తి మీదుగా దండెం కట్టి లుంగీలు ఆరేసేవాళ్ళు. ఆ జిల్లాలో ఆదివారాలు ఎండ తక్కువని ఒక ప్రొఫెసరు వ్యాసం రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాడు. తరవాత ఒక సోలార్ కేంద్రానికి వెళ్ళాను. వాళ్ళకి ఎండ ఎక్కువ చూపిస్తే సంతోషం. ఇన్నేళ్ళలో నేను అర్థం చేసుకున్నది ఇది: ఎండ ఎంతని నన్ను అడిగేవాళ్ళందరికీ ఎంత కావాలో ముందే తెలుసు.

పద్దెనిమిదేళ్ళ వయసులో శ్రీకాకుళం తీరానికి వచ్చాను.

ఒక కంపెనీ అక్కడ ప్రయోగం మొదలుపెట్టబోతోంది. సముద్రపు నీటిని మంచు కంటే సన్నగా ఆకాశంలోకి చిమ్ముతారు. నీరు ఆవిరైపోతే ఉప్పు రేణువులు గాలిలో మిగులుతాయి. అవి ఎండలో కొంత భాగాన్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పుతాయి. ఇలా తీరమంతా చేస్తే వేడెక్కిపోతున్న భూమి కాస్త చల్లబడుతుందని ఆశ. చెడ్డ ఆశేమీ కాదు. వేసవిలో నా ఒంటి మీద గుడ్డు పెడితే ఉడికేది. చల్లబడాలని నాకూ ఉంది.

ఢిల్లీలో అనుమతి ఇచ్చినవాళ్ళు ఒక్క షరతు పెట్టారు. చిమ్మక ముందు పదిహేను రోజులు ఎండ కొలవాలి. చిమ్మాక నలభై రోజులు కొలవాలి. నూటికి అయిదు పాళ్ళకు మించి ఎండ తగ్గితే యంత్రాలు ఆపేయాలి. కొలవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. రెండోదానికి ఖర్చెందుకన్నాడు మేనేజరు చక్రధర్.

నన్ను నిలబెట్టిన చోటు మైలపల్లి దానమ్మ చేపలు ఎండబెట్టే దిబ్బ పక్కన. ఆమెతో పాటు నలభై మంది ఆడవాళ్ళు ఆ ఇసుక మీద నెత్తళ్ళనే చిన్న చేపలు పరిచి, తిరగేసి, రెండు ఎండలకు గలగలమనేలా చేసి సంతకు పట్టుకెళ్ళేవాళ్ళు. వాళ్ళ బతుకంతా ఆ రెండు ఎండల్లోనే ఉంది.

నన్ను చూసుకునే మనిషి పేరు సన్యాసిరావు. డిప్లొమా చదివిన టెక్నీషియను, నలభై దాటినవాడు, ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. పొద్దున్నే వచ్చి, మెత్తటి గుడ్డతో నా గాజు తుడిచి, అట్టకు బిగించిన కాగితం మీద 'గాజు శుభ్రం' అన్న గడిలో టిక్కు పెట్టేవాడు. అంత ఒద్దికగా నన్ను తుడిచినవాడు అంతకుముందు ఎవడూ లేడు.

"ఏటి బాబూ, ఈ గాజుబుడ్డి ఏటి సెప్తాది?" అని దానమ్మ అడిగింది మొదటి రోజు.

"ఎండ ఎంతుందో చెబుతుందత్తా."

"అది నా అరికాలు సెప్పదేటి? దానికి కరెంటెందుకు?"

"నీ అరికాలు సంతకం పెడితే ఢిల్లీలో ఒప్పుకోరత్తా."

ఆమె పడీపడీ నవ్వింది. ఆ రోజునుంచి అతని మధ్యాహ్నం కేరేజీలోకి ఆమె గిన్నెలోంచి నెత్తళ్ళ వేపుడు వచ్చి చేరేది.

కొలతలు మొదలైన అయిదో రోజు దసరా.

సన్యాసిరావు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కంపెనీ వ్యాను ముందు గుమ్మడికాయ కొట్టాడు. స్పానర్లు వరసగా పేర్చి పసుపు చల్లాడు. లాప్‌టాప్‌కి బొట్టు పెట్టాడు. చివరికి నా దగ్గరికి వచ్చి, దక్షిణం వైపు గాజు మీద బొటనవేలితో గంధం రాసి, దాని మధ్య కుంకుమ అద్దాడు. పావలా బిళ్ళంత బొట్టు. కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

పద్దెనిమిదేళ్ళలో నాకు ఎవరూ దండం పెట్టలేదు. నా నెత్తిన లుంగీలు ఆరేసిన లోకం ఇది. పొద్దెక్కి, సూర్యుడు ఆ బొట్టు వెనక్కి వచ్చాడు. చల్లటి నీడ నా నల్లబిళ్ళ మీద పడింది. అది తప్పని నాకు తెలుసు. అయినా నాకు నచ్చింది. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నచ్చింది.

మర్నాడు పొద్దున్న గుడ్డతో వచ్చాడు. బొట్టు దాకా వచ్చి అతని చెయ్యి ఆగిపోయింది. తన చేత్తో పెట్టిన బొట్టును తన చేత్తోనే చెరిపేయడం ఎలా? దాని అంచులు చెదరకుండా చుట్టూ తుడిచాడు. టిక్కు పెట్టాడు. పది రోజులు అలాగే చేశాడు.

బొట్టు పెట్టిన పదకొండో రోజు సాయంత్రం పెద్ద వాన పడి నన్ను కడిగేసింది. అప్పటికి చిమ్మక ముందు కొలతలు పూర్తయ్యాయి. మర్నాడు పడవ మీద యంత్రాలు మొదలయ్యాయి.

ఇందులో మెలిక ఇంతే. చిమ్మక ముందు అసలు ఎండ కంటే తక్కువ రాశాను. కాబట్టి చిమ్మాక ఎండ నిజంగా తగ్గినా, పాత అంకె పక్కన పెడితే పెద్దగా తగ్గినట్టు కనిపించదు. నిజానికి నూటికి ఏడున్నర పాళ్ళు తగ్గింది. రిపోర్టులో రెండు పాళ్ళని వచ్చింది.

ఆకాశం పాలు ఒలికినట్టు తెల్లబారింది. ఫొటోల్లో అందంగా ఉండేది. కింద దిబ్బ మీద నెత్తళ్ళు మూడో రోజుకీ మెత్తగానే ఉన్నాయి. నాలుగో రోజుకి వాసన, అయిదో రోజుకి పురుగు. ఆడవాళ్ళు ఇసుకలో గోతులు తీసి చేపల్ని పూడ్చడం రోజూ చూశాను. కొందరు దిబ్బ వదిలేసి రొయ్యల షెడ్లలో తలలు తుంచే పనికి వెళ్ళిపోయారు. నా పక్కనుంచి నడిచేటప్పుడు దానమ్మ ఒకసారి ఆగి, నా గాజులోకి వంగి చూసింది.

"నీకు కనిపిస్తంది కదే," అంది మెల్లగా. "మరి సెప్పవేటి?"

ఆ తరవాత నాకు ఏ రోజూ సుఖం లేదు.

ఆడవాళ్ళు అర్జీ పెట్టారు. చక్రధర్ రిపోర్టు చూపించి, "తేమ ఎక్కువైంది, ఉప్పు తక్కువ వేసుంటారు," అన్నాడు. ప్రయోగాన్ని వచ్చే వేసవి దాకా పొడిగించే కాగితం సిద్ధమైంది. సంతకానికి ముందు ఒకసారి సరిచూడమని సమీక్ష కమిటీ హైదరాబాదునుంచి హేమనళినిని పంపింది. అందరూ రోజు మొత్తం అంకె చూసి వదిలేశారు. ఆమె నిమిషం నిమిషం అంకెలు తెరిచింది. నీడ బయటపడింది.

వెంటనే సన్యాసిరావును పిలిపించింది.

"గాజు రోజూ తుడిచేవారా?"

"తుడిచేవాణ్ణి మేడమ్."

"ఒక్క రోజు కూడా మానకుండా?"

"ఒక్క రోజు కూడా."

ఒక్క ముక్క అబద్ధం లేదు. అతను నా వైపు మాత్రం చూడలేదు.

చక్రధర్‌కు క్షణం పట్టలేదు కథ అల్లడానికి. "చాలా సింపుల్ మేడమ్. ఎండ తగ్గిందని చూపించాలని ఆ చేపల ఆవిడే గాజు మీద ఏదో పెట్టింది. ఎప్పుడు చిమ్ముతామో తెలియక ముందు రోజుల్లోనే పెట్టేసింది. మీటరు పక్కన రోజంతా ఉండేది ఆవిడొక్కతే. అర్జీ ఇచ్చినవాళ్ళే మీటరు పాడుచేస్తే ఆ అర్జీ చెల్లదు."

అలా నన్ను విప్పి, పాలిథిన్ సంచిలో పెట్టి, లక్కతో సీలు వేసి, ఊళ్ళోని తుఫాను షెల్టరులో టేబుల్ మీద పెట్టారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను. సంచిలోంచి మనుషులు మసకగా కనిపిస్తున్నారు. నలభై మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. సన్యాసిరావు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈ పూట హేమనళిని ఏం రాస్తే అదే. దానమ్మ ముట్టుకుందని రాస్తే అర్జీ పోతుంది, యంత్రాలు వేసవి దాకా తిరుగుతాయి, ఆ దిబ్బ మీద చేప ఎండదు. కంపెనీ వైపు తప్పని రాస్తే పాత కొలతలు చెల్లవు, యంత్రాలు ఆగిపోతాయి.

"దానమ్మా, మీటరును మీరు ఎప్పుడైనా ముట్టుకున్నారా?" అని అడిగింది హేమనళిని.

"ముట్టుకుంటే ఏటమ్మా? సేపల సేతులు నావి. గాజు మీద పెడితే వాసన మీ ఢిల్లీ దాకా పోద్ది."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. చక్రధర్ నవ్వలేదు.

"జోకులొద్దు. ఆ రోజుల్లో అక్కడ ఇంకెవరున్నారో చెప్పు."

దానమ్మ తల తిప్పి తలుపు వైపు చూసింది. అతనున్నాడని ఆమెకి తెలుసు. రోజూ పొద్దున్నే గుడ్డతో వచ్చేవాడని ఊరంతటికీ తెలుసు.

"నాకు తెలీదు," అంది. "కూలిపని సేసుకునే ఆళ్ళని పేర్లు సెప్పి ముంచడం నాకు సేతకాదు. నామీదే రాసుకోండి."

హేమనళిని పెన్ను తీసింది. సంచిలో నా బిళ్ళ చల్లగా ఉంది. జీవితంలో మొదటిసారి నాకు నోరుంటే బాగుండుననిపించింది. గట్టిగా అరిచి చెప్పేదాన్ని: నీడ వేసినవాడి సంగతి తరవాత, ఆ నీడలో హాయిగా కూర్చున్నదాన్ని నేను, ముందు నన్ను అడగండి అని.

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. సన్యాసిరావు ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ టేబుల్ దాకా వచ్చాడు. చక్రధర్ అతని మోచెయ్యి పట్టుకుని, "జనవరిలో పర్మనెంట్ ఆర్డరు వస్తోంది, గుర్తుంచుకో," అని గొణిగాడు. సన్యాసిరావు చెయ్యి విడిపించుకున్నాడు.

"ఆవిడ పేరు రాయకండి మేడమ్. దసరా నాడు ఆ గాజుకి గంధం రాసి, బొట్టు పెట్టింది నేను. మర్నాడు తుడవడానికి వెళ్ళాను. చెయ్యి రాలేదు. చుట్టూ తుడిచి శుభ్రమని టిక్కు పెట్టాను. అలాంటివి పది టిక్కులున్నాయి, అన్నీ నా చేతివే. తుడిచావా అని మీరు అడిగితే తుడిచానన్నాను. బొట్టు సంగతి మీరు అడగలేదని ఊరుకున్నాను. ఇంకోటి కూడా రాసుకోండి. వాన పడిన మర్నాడు పదకొండింటికి అంకె ముందు రోజుల కంటే ఒక్కసారిగా పైకి లేచింది. ఎందుకు లేచిందో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇంకా యంత్రాలు మొదలవలేదు. గంట టైముంది. ఫోను జేబులోనే ఉంది. చేస్తే కొలతలన్నీ మళ్ళీ మొదటినుంచి తీయాలి, ఉద్యోగం పోతుందేమోనని చెయ్యలేదు. ఈవిడ పెట్టిన అన్నం తింటూనే ఉన్నాను. నేనే చేశాను మేడమ్. తెలిసే ఊరుకున్నాను."