ఎర్రగడ్డల గొంతు

ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఓబుళేసు మొహం తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, గొంతు తెలియనివాళ్ళు లేరు. సెల్‌ఫోన్ల షాపు షారుక్ వాడి గొంతును రికార్డు చేసిచ్చాడు. ఆటోలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, పోసుకుని, ఆ గొంతును మైకులో పెట్టుకుని వాడు ఊరూరా తిరిగేవాడు. "ఓ అక్కా... ఎర్రగడ్డలు తీస్కోండక్కా..." అంటూ ఆ 'అక్కా'ను సాగదీసి, చివర పైకెత్తేవాడు. పొయ్యి ముందున్న ఆడవాళ్ళు ఆ ఎత్తు వినబడగానే చాటలు పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు.

మైకులో అంత నోరున్నవాడికి ఇంట్లో నోరు లేదు. పెండ్లయి రెండేండ్లు దాటినా మహేశ్వరి కడుపు పండలేదని తల్లి బయమ్మ ఆ పిల్లను మాటలతో పొడుస్తుంటే, వీడు తలొంచుకుని సంగటి మింగేవాడు. చివరికి బయమ్మ కోడలి నాయన పుల్లన్నకు కబురంపింది. ఆదివారం వచ్చి బిడ్డను తీసుకుపొమ్మని.

అసలు సంగతేమంటే, ఓబుళేసు భార్యను ఇంతవరకూ ముట్టుకోలేదు. ఎందుకో మహేశ్వరికి తెలియదు. మొగున్ని అడగడానికి సిగ్గు, ఇంకొకరికి చెప్పుకోవడానికి అంతకు మించిన సిగ్గు.

పెండ్లికి ముందు వాడు గోడమీద అంటించిన కాగితం చూసి అనంతపురంలో ఒక లాడ్జీ డాక్టరు దగ్గరికి పోయాడు. ఆయన వాడి పుల్లల్లాంటి చేతులు చూసి, లోపలికి పోయిన బుగ్గలు చూసి, "చిన్నప్పటి చెడ్డ అలవాటుతో సత్తువంతా కారిపోయిందప్పా. ఈ ఒంటితో ఆడదాని పక్కకు పోతే పరువు పోతాది" అని పొడి పొట్లాలిచ్చాడు. ఆ పొడిని ఓబుళేసు ఇప్పటికీ పాలలో కలుపుకుని తాగుతున్నాడు. ఎండలు మండినా పెండ్లాం ముందర చొక్కా విప్పడు.

గురువారం మధ్యాహ్నం టీవీలో డాక్టరు కార్యక్రమం వస్తుంది. ఇట్లాంటి సందేహాలు ఫోన్ చేసి అడగొచ్చు, అడిగేవాళ్ళ గొంతు మాత్రమే టీవీలో వినబడుతుంది. మహేశ్వరి వెళ్ళిపోయేలోపల మందేదైనా దొరక్కపోతుందా అని, వాడు కాలువ గట్టున ఆటో ఆపి నంబరు నొక్కాడు. మగ డాక్టరు ఉంటాడనుకుంటే అవతల పలికింది ఆడగొంతు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళతో మాట్లాడడం వాడికి వచ్చింది ఒకటే తీరు.

"నమస్తే అక్కా... కర్నూలు నుంచి రమేషును మాట్లాడతాండానక్కా..."

అలవాటు, లాడ్జీ, పొడి, సన్నటి ఒళ్ళు, అన్నీ చెప్పేశాడు.

"అది జబ్బే కాదండీ" అంది డాక్టరమ్మ. "చాలామందికి ఉండే అలవాటే. దానివల్ల సత్తువ పోదు, ఒళ్ళు చిక్కదు. సన్నగా ఉన్నంత మాత్రాన మగతనానికి లోటూ లేదు. ఆ పొడులు పారేయండి. మీకున్నది భయం. ఇద్దరూ కలిసి మంచి డాక్టరును చూడండి."

గుండె మీది బండ దిగిపోయినట్టయింది వాడికి. అంతలో ఆమే అడిగింది: "మీ భార్యకు ఈ సంగతి చెప్పారా?"

"లేదక్కా."

"మరి పిల్లలు లేరని ఇంట్లో ఎవరిని అంటున్నారు?"

ఓబుళేసు ఫోన్ కట్ చేశాడు.

మరుసటి రోజు పొద్దున పక్క పల్లెలో ఆటో ఆపీ ఆపకముందే, ఎప్పుడూ కొనే మాబున్నీసా చాటతో వచ్చింది. వెనకే నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"ఏమప్పా రమేషూ, కర్నూల్లో యాపారం తగ్గిందా, ఈడికొచ్చినావు?"

ఒక పిల్ల నోట్లో కొంగు కుక్కుకుంది. మైకు మాత్రం "ఓ అక్కా..." అని పిలుస్తూనే ఉంది. తడుముకుంటూ దాని నోరు నొక్కాడు.

"నేను గాదు చిన్నమ్మా."

"ఆ 'అక్కా' ఇంకెవురి నోట్లో ఉండాదిరా?" ఆమె నవ్వు ఆగింది. "నీ ఒంటికి నవ్వలేదబ్బీ. అట్లాటి భయాలు లేనోళ్ళెవురు? మీయమ్మ బిడ్డలు కావాలని నీ పెండ్లాన్ని చలికాలంలో తడిబట్టలతో దర్గా చుట్టూ తిప్పిచ్చె. పండ్లు కొట్టుకుంటాండె పాపం. మేమందరం చూసినాము. ఆడికి ఆటో తోలుకొచ్చినోడెవురు?"

ఓబుళేసే. తోలడమే కాదు, తడిబట్టలకు సీటు పాడవుతుందని గోనెసంచి పరిచింది కూడా వాడే.

ఆ పూట ఎర్రగడ్డలు అమ్మకుండానే ఆటో తిప్పుకున్నాడు. తోవ పొడుగునా మైకు నోరు మూసే ఉంది.

ఆదివారం పుల్లన్న వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గడప దగ్గర మహేశ్వరి బట్టల సంచి. బయమ్మ గొంతు పెంచి, "మా వంశం నిలబడాల గదన్నా" అంది. పుల్లన్నకు చెవుడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని తలాడించాడు.

"అమ్మా, తప్పు నాది" అన్నాడు ఓబుళేసు.

"నువ్వూరుకో. టీవీలో కూసింది చాలు."

వాడు తల్లివైపు తెల్లబోయి చూశాడు. "తెల్సిండీ పంపిస్తాండావా?"

"నిన్ను కన్నదాన్ని, నీ గొంతు తెల్దా నాకు? ఆడదాన్నయితే నాలుగు దినాలు అంటారు. మొగోన్నయితే సచ్చేదాకా అంటారు."

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న మహేశ్వరి కదిలింది. "మీయమ్మకు చెప్పేదేముంది? మా నాయనకు చెప్పు."

ఓబుళేసు మంచం పక్కన వంగాడు. "మామా, నీ బిడ్డలో ఏ లోపమూ లేదు. నేనే..." అని గొణిగాడు.

"ఆఁ? ఏమంటాండావప్పా?"

బయమ్మ వీధి తలుపు మూయబోయింది. మహేశ్వరి సంచిని కాలితో తలుపుకు అడ్డంగా నెట్టింది. "గట్టిగా చెప్పు. మా నాయనకు చెవుడని తెల్దా?"

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఊళ్ళకు ఊళ్ళను లేపే ఆ గొంతు, ఈసారి రాగం లేకుండా, పగిలి బయటపడింది.

"నేను ముట్టుకోలేదు మామా! నాకు చాతకాదని భయపడి ముట్టుకోలేదు! పిల్లల్లేనిది నావల్ల! నీ బిడ్డను మాటలు అనిపిచ్చింది నేను!"

వీధి కొళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది.

పుల్లన్న కూతురివైపు తిరిగి, "నీ ఇష్టమేంది పాపా?" అన్నాడు.

మహేశ్వరి సంచి భుజానికి తగిలించుకుంది. వాకిట్లో ఆటో దగ్గర ఆగింది. ఓబుళేసు వెనకాలే వచ్చాడు, మొహం ఎత్తలేక ఆమె చెప్పుల వైపే చూస్తూ.

"టీవీలో చెప్పినట్టు డాక్టరు దగ్గరికి పోయేప్పుడు మా ఊరికి రా. వస్తా" అంది. నాయన వెనక నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది.

"ఆ గోనెసంచి పరిచినావంటే మాత్రం ఎక్కను."