ముఖం బీపీ

ఆ ఆసుపత్రిలో ఒక మాట ఉంది. ఏ నర్సింగు పుస్తకంలో వెతికినా దొరకదు. ముఖం బీపీ. చేతికి పట్టీ కట్టేది లేదు, మిషను ముట్టేది లేదు. మంచం మీది మనిషి ముఖం ఒకసారి చూసి చార్టులో నూటఇరవై బై ఎనభై అని గీకేయడమే. ముసలివాళ్ళయితే నూటముప్పై. కొత్తగా చేరిన పిల్లలకు సూది వేయడం కంటే ముందు వచ్చే విద్య ఇది. నేర్పేదెవరు? పాతవాళ్ళే. ఖుర్షీదా కూడా నేర్పింది. పద్నాలుగేళ్ళ కింద ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఛీ అనుకుంది. అనుకుంటే ఏం లాభం? అప్పుడు వార్డులో ముప్పై మంచాలకు నలుగురు నర్సులు. ఇప్పుడు అవే ముప్పై మంచాలకు ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ రారు.

తాండూరు నాపరాళ్ళ వ్యాపారులు చందాలు వేసుకుని కట్టించిన ట్రస్టు ఆసుపత్రి అది. నేలకు, గోడలకు మంచి బండలే వేశారు. మనుషులను వేయడమే మరిచిపోయారు.

ఆ మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఖుర్షీదా రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోవాలి. ఆమెను దించాల్సిన మనీషా రాలేదు. మేట్రన్ మనోరమ మేడం వార్డు తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది.

"ఖుర్షీదా, జర ఈ పూట కూడా నువ్వే చూడు. మనీషాకు జ్వరమంట."

"మేడం, వారంల ఇది మూడోసారి. కండ్లు మూతలు పడుతున్నయ్. మందు తప్పిస్తే ఎట్ల?"

"మరి ఎవర్ని తేవాలె? నువ్వే చెప్పు."

చెప్పడానికి ఎవరూ లేరు. లేరని తెలుసు కాబట్టే మేడం ఎప్పుడూ ఆ ప్రశ్నే అడుగుతుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఆ రోజే కింది హాల్లో 'సిబ్బంది మానసిక ఉల్లాస శిబిరం' పెట్టారు. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి మనసు ప్రశాంతంగా ఉంచుకోవడం ఎలాగో నేర్పుతారట. పదకొండింటికి అందరూ రావాలి, వేలిముద్ర వేయాలి, ఫోటోలో కనపడాలి. ఆ లోపల చార్టులన్నీ నిండిపోవాలి, కంప్యూటర్ గదిలో ఎక్కించుకుంటారు. ఉల్లాసమట! ఒక మనిషిని అదనంగా ఇచ్చి ఇంటికి పోయి పడుకోమంటే చాలదూ? దానికి మైకెందుకు, బ్యానరెందుకు?

ఖుర్షీదా తొమ్మిదింటికి చార్టుల కట్ట ముందేసుకుంది. ఎనిమిది గంటల గడి నింపింది. చేయి ఆగలేదు, పన్నెండు గంటల గడి కూడా నింపేసింది. ముప్పై మంచాలకూ నింపింది.

పదిహేడో మంచం మీద అంజలి ఉంది. దౌల్తాబాద్ దగ్గరి పల్లె. ఇరవై రెండేళ్ళు, తొలిచూలు, ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయని నిన్న సాయంత్రం చేర్చారు. బీపీ కాస్త ఎక్కువగా ఉందని, నాలుగు గంటలకోసారి చూడమని డాక్టరు రాశాడు. తోడుగా అత్త బుగ్గమ్మ. మగవాళ్ళు గొర్రెలతో పోయారు, కోడలి మంచం కింద గొంగడి పరుచుకుని ఈమె కాపలా.

చార్టులు నింపుతుండగానే బుగ్గమ్మ టేబుల్ దగ్గరికి వచ్చింది.

"నర్సమ్మా, పిల్లకు తల మస్తు నొస్తుందంట. జర వచ్చి చూడు."

"నిద్ర లేకుంటే గట్లనే ఉంటదవ్వా. గీ గోలీ వెయ్. నేనొస్త." గోలీ ఇచ్చింది. పోలేదు. పోదామని లేస్తే ఐదో మంచం సెలైను అయిపోయింది, తొమ్మిదో మంచం ఆమె వాంతి చేసుకుంది.

పదింటికి డాక్టర్ నవీన్‌కుమార్ రౌండ్లకు వచ్చాడు. బుగ్గమ్మ ఆయనకూ చెప్పింది. పిల్లకు కండ్ల ముంగట మిణుకు మిణుకుమంటున్నదని, ముఖం కూడా ఉబ్బిందని. ఆయన చార్టు ఎత్తి చూశాడు. నూటఇరవై బై ఎనభై. "మంచిగనే ఉందమ్మా, ఫికర్ చేయకు" అని ముందుకు నడిచాడు. ఆయన వెనకే నిలబడ్డ ఖుర్షీదా అంజలి ఉబ్బిన ముఖం వైపు చూసింది. రౌండ్లు కాగానే పదిహేడు చూడాలి అనుకుంది. కాగానే మనోరమ మేడం ఫోను. "అందరొచ్చిండ్రు, నువ్వొక్కదానివే లేవు. పది నిమిషాలు కూసో, ఫోటో దిగి పో."

హాల్లో చల్లగా ఉంది. మైకు పట్టుకున్న ఆయన గొంతు మెత్తగా ఉంది. కళ్ళు మూసుకోండి, ఊపిరి గట్టిగా తీసుకోండి, ముందు మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి అంటున్నాడు. ఖుర్షీదా కళ్ళు మూసుకుంది. అంతే. పదిహేను గంటల నుంచి నిలబడ్డ మనిషికి కుర్చీ దొరికితే ఏమవుతుంది? పక్కవాళ్ళు తట్టబోతే ఆయనే వద్దన్నాడట. చూడండి, ఈమె ఎంత లోతైన ప్రశాంతతలోకి పోయిందో అని చూపించాడట కూడా!

లేపింది ఆయా సుమిత్రమ్మ. భుజం పట్టి కుదిపేస్తోంది.

"సిస్టర్! పదిహేడుకు ఫిట్స్ వచ్చినయ్!"

గోడ గడియారంలో పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. అంజలి పళ్ళు బిగిసి కొట్టుకుంటోంది, పెదవి నుంచి నెత్తురు. బుగ్గమ్మ కోడలి తల ఒడిలో పెట్టుకుని అరుస్తోంది. ఖుర్షీదా పిల్లను ఎడమ పక్కకు తిప్పింది, డాక్టరును పిలిపించింది, ఫిట్స్ ఆపే మందు ఎక్కించింది. అప్పుడు, ఆ రోజుకు మొదటిసారి, పట్టీ కట్టింది. నూటఎనభై బై నూటఇరవై. టేబుల్ మీద చార్టులో పన్నెండు గంటల గడి మాత్రం నూటఇరవై బై ఎనభై అంటోంది, గుండ్రటి అక్షరాలతో.

ఇక్కడ కాదు, వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. అంజలికి తోడుగా ఖుర్షీదా అంబులెన్సు ఎక్కబోతుంటే మనోరమ మేడం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "చార్టు కాయితం గట్లనే ఉండనీ. పొద్దున్నుంచి మంచిగనే ఉండె, ఒక్కసారిగ ఫిట్స్ వచ్చినయ్ అను. ఎవరి మీదా మాట రాదు."

దారిలో ధారూర్ దాటేదాకా ఖుర్షీదా ఆ కాగితాన్ని పిడికిట్లో నలిపింది, మళ్ళీ సాపు చేసింది. ఇద్దరు ఆడపిల్లల చదువులు ఈ ఉద్యోగం మీదే. నోరు విప్పితే ఉద్యోగం, విప్పకపోతే ఈ పిల్ల. తిలాపాపం తలా పిడికెడు అంటారు. కానీ రాసిన చేయి తనదే కదా!

వికారాబాద్‌లో డాక్టర్ స్నేహలత కాగితం చూసి నొసలు ముడిచింది. "పొద్దున నార్మలేనా? బీపీ ఎప్పటి నుంచి పెరిగింది?"

"తెల్వదు మేడం."

"ఇందులో రాసి ఉంది కదా?"

"రాసింది నేనే. చూడలే. పొద్దున తలనొప్పన్నరు, కండ్ల ముంగట మిణుకులన్నరు. అప్పటికే పెరిగి ఉంటది."

డాక్టరమ్మ ఆమెను ఒక్క క్షణం కాల్చేసేటట్టు చూసింది. తిట్టడానికి తీరిక లేదు. స్ట్రెచరు ఆపరేషను గదిలోకి పోయింది.

మూడింటికి కబురు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, కేజీన్నర, అద్దాల పెట్టెలో పెట్టారు. అంజలి ప్రాణానికి భయం లేదు, కానీ ఇంకా కళ్ళు తెరవలేదు. బుగ్గమ్మ వరండాలో ఖుర్షీదా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు ఉరికొచ్చినవ్ గనక దక్కింది బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

ఖుర్షీదా చేతులు లాక్కుంది. ఇక తట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. "అట్లనకు అవ్వా. పొద్దున నేను బీపీ చూడనే లేదు. చూసినట్టు రాసిన. అదే చూసి డాక్టర్ సాబ్ మంచిగుందన్నడు."

 బుగ్గమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"నీకు చెప్తి. డాక్టరుకు చెప్తి. మూడోసారి వస్తే బల్ల కాడ ఎవ్వరు లేరు. మంచిగుందని కాయితంల రాసిండ్రు గదా అని ఊకున్న. నేను ఊకున్న!" ఆమె అరచేత్తో నొసలు కొట్టుకుంది. "రాత్రంత నువ్వు ఒక్కదానివే తిరుగుడు నేను చూడలేదా? 'చూడలేదవ్వా, నాతోని అయితలేదు' అని ఒక్క మాట అంటే అయిపోతుండె. దవాఖాన పీకి పందిరేస్తుంటి. ఇంకోకాడికన్న తీస్కపోతుంటి. నువ్వు మంచిగుందని ఎందుకు రాసినవ్?"

ఖుర్షీదా ఫోను మోగింది. మనోరమ మేడం.

"ఎప్పుడొస్తున్నవ్? సాయంత్రం చార్టులు నింపేటోళ్ళు లేరిక్కడ."

"నింపకండి మేడం." ఆమె బుగ్గమ్మ ఎదురుగానే నిలబడి చెప్పింది. "పొద్దున నేను ఎవ్వరికీ బీపీ చూడలే. అన్ని మంచాలు గట్లనే రాసిన. నాతోని కాలే. అంజలి గాక ఇంకా ఇరవై తొమ్మిది మందున్నరు. ఎవరన్న ఒకరు ఇప్పుడే పోయి పట్టీ కట్టి చూడుండ్రి!"