తలా రెండు దుంపలు

వేదవతి డాబా మీద పాత పేపరు పరుచుకుని గ్లాడియోలస్ పూలమొక్కల దుంపలు శుభ్రం చేస్తోంది. ఆకులు పసుపెక్కాక తవ్వి తీసి, మూడు వారాలు నీడన ఆరబెట్టినవి. ప్రతి కొత్త దుంప కిందా పోయినేడు నాటిన పాత దుంప వడిలి, అట్టముక్కలా అంటుకుని ఉంటుంది. బొటనవేలితో నొక్కి తిప్పితే ఊడొస్తుంది. దాని పని అయిపోయింది, ఇక మొలవదు, పారెయ్యడమే. కొత్తదానికి మట్టి దులిపి, బూజు పట్టకుండా మందు అద్ది, వలసంచిలో వేసి ఎండాకాలమంతా ఫ్రిజ్ అడుగు అరలో దాచాలి.

"పనీపాటా లేనిదానికి మట్టే పని" అనేది అత్తగారు, బతికున్నన్నాళ్లూ. "ఫ్రిజ్ కూరలకా, నీ చెత్తకా?" అంటాడు మొగుడు భానుమూర్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెబుతాడాయన. ఈ విసుర్లన్నీ పూలు పూసేదాకానే. జనవరిలో ఎర్రటి పూలు విచ్చాయా, పొద్దున్నే తల దువ్వి, పౌడరు రాసుకుని, వాటి పక్కన నిలబడి ఫొటో. కింద 'నా మిద్దెతోట' అని రాసి మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఆరేళ్లలో ఆ మహానుభావుడు తొట్లకి పోసింది చెంబెడు నీళ్లు, అదీ వీడియో కోసం. సొమ్మొకడిది, సోకొకడిది.

ఎదురింటి స్వరూపరాణి పోయిన నెల ఒక మాటంది. "అక్కా, అల్మాస్‌గూడల మా ప్లాటు ఖాళీగనే ఉన్నది. నీ దుంపలు తీస్కొని రా, ఇద్దరం కల్సి పూలతోట ఏద్దాం. ఎన్నొద్దులు గీ తొట్లల్లనే పెంచుతవ్?" అప్పటినుంచీ వేదవతికి కాలు నిలవడం లేదు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. ఇల్లు ఆయనది, ఫ్రిజ్ ఆయనది, వంటింట్లో గిన్నెలు కూడా అత్తగారివి. 'నీవి' అని ఒక మనిషి ఆమెతో అన్నది ఈ దుంపల్నే.

భానుమూర్తి పైకొచ్చాడు, ఫోను చూసుకుంటూ. "ఆదివారం గ్రూపువాళ్లు నలభై మంది వస్తున్నారు. తలా రెండు దుంపలు ఇస్తానని మాటిచ్చాను. ప్యాకెట్లు కట్టి నా పేరు రాసి పెట్టు."

అత్త సొమ్ము అల్లుడి దానం.

"ఇవి స్వరూపతో కలిసి తోట వేద్దామని దాచుకుంటున్నానండీ."

"నువ్వా, తోటా? ముందు ఉప్మాలో ఉప్పు సరిగ్గా వెయ్యడం నేర్చుకో." ఆయన వంగి కొత్తవీ, ఊడదీసిన పాతవీ రెండు కుప్పల వంకా చూశాడు. కొత్త దుంపల్ని కాలితో పక్కకు నెట్టాడు. "ఇవి నిగనిగలాడుతున్నాయి, ఇంకా పచ్చి. అవి చూడు, ఎంత బాగా ఎండాయో. నిల్వ అంటేనే తేమ తియ్యడం. ఫిజిక్సు. ఆ ఎండినవే కట్టు."

"అవి పాతవండీ, మొల..."

"నాకు చెప్తావా?"

వేదవతి పాత దుంపల కుప్పను దగ్గరికి లాక్కుంది. భయపడి కాదు. ఇన్నేళ్లూ తాను అణిగి ఉన్నది ఈ తెలివికా అని రోత పుట్టింది. పాత దుంపలు రెండేసి చొప్పున కట్టింది, ప్రతి ప్యాకెట్ మీదా ఆయన పేరు గుండ్రంగా రాసింది. వాటిని ఆశగా పట్టుకెళ్లే ఆడవాళ్లు గుర్తొస్తే మాత్రం మనసు చివుక్కుమంది. కొత్తవి ఆ మధ్యాహ్నమే స్వరూపరాణి ఫ్రిజ్‌లోకి చేరాయి.

ఆదివారం డాబా మీద ఆయన ఉపన్యాసం బాగానే సాగింది. "ఒక్కొక్క దుంపనీ పసిబిడ్డలా సాకానండీ" అంటూ భానుమూర్తి ప్యాకెట్లు పంచాడు. మూసారాంబాగ్ నుంచి వచ్చిన ఇంద్రాణి అనే పెద్దావిడ ప్యాకెట్ విప్పి, అరచేతిలో తిప్పి చూసింది.

"మాస్టారూ, ఇవి పారేసే పాత దుంపలండీ. వీటికి మొలకెక్కడిది?"

ఆయన మొహం మాడింది. మెట్ల దగ్గర కాఫీ ట్రేతో నిలబడ్డ పెళ్లాం మీదికి వేలు చాపాడు. "నాకేం తెలుసండీ. తవ్వేదీ, ఆరబెట్టేదీ, కట్టేదీ అంతా మా ఆవిడే. ఆరేళ్లుగా ఆవిడే చేస్తోంది. నేనసలు చెయ్యి పెట్టను."

నలభై తలలూ ఆమె వైపు తిరిగాయి. ఈ ఒక్క నిజం ఆయన నోట రావడానికి ఒక తప్పు జరగాల్సి వచ్చింది. వేదవతి నడిచి వెళ్లి ట్రే ఆయన చేతుల్లో పెట్టింది.

"నిజమేనండీ, అన్నీ నేనే చేశాను," అంది ఇంద్రాణితో. "ఇవి ఏరింది మాత్రం మాస్టారు. మంచివి నా దగ్గరున్నాయి. అక్టోబరులో అల్మాస్‌గూడలో నాటుతున్నాను. రండి, తలా రెండూ ఇస్తాను, ఎలా నాటాలో కూడా చూపిస్తాను."

"ఎవర్నడిగి?" అన్నాడు భానుమూర్తి, ట్రే ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ చూస్తూ.

"చెయ్యి పెట్టనివాళ్లని అడగడమెందుకండీ?" అంది వేదవతి.