సియెనా బురుజు మెట్లు

ఇటుకలంటే ఇటుకలే, ఎడపల్లి బట్టీలో కాల్చినా ఈ ఇటలీలో కాల్చినా, కానీ ఊరి నడుమ ఇంత పెద్ద చౌక్ అంతా ఇటుకలు పరిచి, విసనకర్ర విప్పినట్టు వాలుగా కిందికి దించి, దిగిన చోట ఆకాశంలోకి ఒక బురుజు లేపారే, దాన్ని కాసేపు తలెత్తి చూద్దామంటే ఎక్కడ, ఇంకోటి తియ్యి పుష్పా, బురుజు మొత్తం రావాలె, నా బూట్లు గూడ రావాలె అంటున్నాడు సురేందర్, పొద్దున్నుంచి సియెనా ఊరంతా పుష్పలత చూసింది ఫోను అద్దంలోనే, అందులోనూ నడిమధ్య మొగుడే, చేతి తొడుగులు తీస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, తొడుక్కుంటే ఫోను నొక్కుడు పడదు, జనవరిలో వర్ని కాలువ గట్టు మీద కూడా ఇంత చలి ఎరగదు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో బాపు అక్కడి పొగగొట్టం చూపించి పైకెక్కితే నిజాంసాగర్ కట్ట కనవడ్తది బిడ్డా అనేవాడు, నన్ను ఎక్కియ్యవా బాపూ అంటే ఆడివిల్లవు గదనే అని నవ్వేవాడు, ఫ్యాక్టరీ మూతబడింది, బాపు పోయాడు, ఈ బురుజుకు మాత్రం లోపల నాలుగు వందల మెట్లున్నాయి, ఎవరైనా ఎక్కొచ్చు, మూడుంబావుకు ఆఖరి టికెట్ అని టూర్ మేనేజరు చెప్పాడు, ఎక్కుదామా అని సురేందర్‌ను మూడుసార్లు అడిగింది, మోకాళ్లు నొస్తున్నయన్నాడు, గ్రూపు ఫోటో ఉందన్నాడు, మూడోసారి అసలు వినలేదు.

ఇప్పుడు ఆ గ్రూపు ఫోటో, వీళ్లందరినీ ఇక్కడికి తీసుకొచ్చిన ఎరువుల కంపెనీ వాళ్లు బ్యానరు విప్పారు, ఉత్తమ డీలర్లు ముందుకు రండి, మేడమ్‌లు కొంచెం పక్కకు అన్నారు, జరిగింది, చేతుల్లో ఆయన కోటు, ఆయన సంచి, ఆయన నీళ్ల సీసా, ఉత్తమ డీలరట, బోధన్ దుకాణంలో ఎనిమిదింటికల్లా షట్టరు లేపేదెవరు, సుడిదోమ తగిలిన వరి దుబ్బులు పట్టుకొచ్చిన రైతుకు మందు చెప్పేదెవరు, పసుపులో దుంపకుళ్లు వచ్చిందని కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలాయనను కూర్చోబెట్టి చాయ్ తాగించిందెవరు, అక్కా నువ్వు చెప్తెనే కొంట అని వాళ్లనేది ఎవరితో, లైసెన్సు మీద ఆయన పేరు ఉంటే మాత్రం, పక్కకట పక్కకు, బురుజు మీది గడియారం మూడూ అయిదు చూపిస్తోంది, ఫోటో అయిపోయింది, సురేందర్ ఫోను చెవి దగ్గర పెట్టుకొనే వస్తున్నాడు, పుష్పా, దుకాణంల నుంచి మహేందర్ అడుగుతుండు, యూరియా లారీ ఇయ్యాల్నే దించాల్నా వద్దా, దించుమను, మీద టార్పాలిన్ కప్పుమను, అంది అలవాటుగా, అంటూనే కోటు, సంచి, సీసా ఆయన చేతుల్లో పెట్టి, వాలు మీద దాదాపు పరుగెత్తింది, టికెట్ల కిటికీ వెనక అమ్మాయి ఒకటా రెండా అన్నట్టు వేళ్లు చూపింది, పుష్పలత ఒక వేలు ఎత్తింది.

మెట్లు ఇరుకు, భుజాలు రాసుకుంటున్నాయి, ఎదురొచ్చేవాళ్లకు గోడకు అతుక్కుని దారి ఇవ్వాలి, నూట యాభై దాకా లెక్కపెట్టి విడిచింది, ఫోను మోగింది, సురేందర్, ఏడికి పోయినవ్, పైకి, నన్ను అడుగకుంటనే, మూడుసార్లు అడిగిన, గట్లగాదే, బస్సు ఏ దిక్కు ఉన్నదో నాకెర్కలే, మందిల మనోళ్లు ఎవలు కనవడ్తలేరు, ఈడ చాయ్ ఎట్ల అడగాల్నో తెల్వది, జల్ది దిగిరా, ఎప్పటి కోపమే అనుకుని జవాబు నాలుక మీదికి తెచ్చుకుంది, ఆగి విన్నది, కోపం కాదు, ఆ గొంతులో ఉన్నది భయం, సంతలో చెయ్యి వదిలిన పిల్లాడి భయం, ఇరవై రెండేళ్లుగా ఏ మందు పుష్పా, ఏ చొక్కా పుష్పా, ఈ మాటకు ఏం చెప్పాలె పుష్పా, అడుగుతూ వచ్చిందంతా ఆయనే, ఆమె లేకుండా అడుగు పడనిది ఆయనకు, ఇన్నాళ్లూ ఆయన లేనిదే తనకే అడుగు పడదనుకుంది, ఆడనే ఉండు, చూసినంక వస్త, అని ఫోను పెట్టేసి, గోడను ఆనుకుని ఊపిరి తీసుకుని, పై మెట్టు మీద కాలు పెట్టింది.