ఏరి పక్కన పెట్టినవి

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన నా పుట్టినరోజు మర్చిపోరు.

మర్చిపోయే మొగుళ్లున్న ఆడవాళ్లు తమ అదృష్టం తెలియక కళ్లనీళ్లు పెట్టుకుంటారు గానీ, వాళ్లకి ఆ రోజంతా దర్జాగా అలిగే హక్కుంటుంది. సాయంత్రానికి ఒక చీరో, చీర కాకపోతే ఒక సంజాయిషీయో చేతికొస్తుంది. నాకా యోగం లేదు. నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ మా ఆయన సుధీర్ గారు ఏటా ఠంచనుగా "హ్యాపీ బర్త్‌డే దుర్గా" అంటారు. సాయంత్రం ఏదో ఒకటి తెస్తారు. దానికి నేను సంతోషించాలి. ఈ సంతోషించడమనేది ఇంటిపనుల్లో ఎవరూ రాయరు గానీ, అంట్లు తోమడం కంటే కష్టం.

ఈ ఏడు సబ్ తెచ్చారు.

సబ్ అంటే మీకు తెలిసే ఉంటుంది. మూరెడు రొట్టెని నిలువునా చీల్చి, కడుపులో చికెనో రొయ్యలో పనీరో పెట్టి, పైన కూరముక్కలూ సాసులూ వేసి మూస్తారు. చూడ్డానికి సబ్‌మెరైన్‌లా, అదే జలాంతర్గామిలా ఉంటుందని ఆ పేరట. మా బందరులో కోనేరు సెంటరు దగ్గర ఇలాంటి కొట్టు పెట్టి రెండేళ్లయింది. అప్పట్నించీ ఆదివారం సాయంత్రం మా ఇల్లంతా అక్కడే. ఆదివారం మా ఆవిడకి వంటింటి నుంచి సెలవు ఇచ్చేశానని మా ఆయన కోర్టులో తోటి లాయర్ల దగ్గర చెప్పుకుంటారు. పొద్దున పెసరట్లూ, మధ్యాహ్నం కోడికూరా ఎవరు చేశారని ఆ లాయర్లలో ఒక్కరూ అడ్డు ప్రశ్న వేసిన పాపాన పోలేదు.

కొట్టులో మా పద్ధతి ఇదీ. ఆయనకొక సబ్, మా అమ్మాయి లిఖితకొకటి, మావాడు నానికొకటి, మా అత్తయ్య విజయకుమారి గారికి సగం సైజుది. "మా ఆవిడకి వేరే వద్దులెండి, మా దాంట్లోనే తింటుంది" అని కౌంటర్లో అమ్మాయికి ఆయనే చెప్తారు. తర్వాత "అన్నీ వేసెయ్యమ్మా" అంటారు. ఇస్తామన్నవి వేయించుకోకపోతే మోసపోయినట్టని ఆయన సిద్ధాంతం. అన్నీ వేయించుకుని వచ్చి కూర్చున్నాక ఏరడం మొదలవుతుంది. నాని నల్ల ఆలివ్‌లు ఏరి కాగితం మూలన పెడతాడు. లిఖిత ఉల్లిచక్రాలు లాగేస్తుంది, నోరు వాసనని. ఆయన జలపెనో మిరపముక్కలు తీసేస్తారు, గ్యాసని. అత్తయ్య వెనిగర్‌లో ఊరిన దోసముక్కలు తీస్తారు, పళ్లు జివ్వుమంటాయని. ఆఖర్న నలుగురూ నాలుగు చివరలు నాకు తోస్తారు. రొట్టె చివర కాస్త గట్టిగా ఉంటుంది, లోపలి కూర అక్కడిదాకా రాదు. తిండి పారేస్తే కళ్లు పోతాయని మా అమ్మ నేర్పింది. నేను ఆ ఏరినవన్నీ ఆ చివరల్లో కూరుకుని తింటాను.

పుట్టినరోజున ఆయన కాగితం విప్పారు. రొట్టె నిండా ఆలివ్‌లు, ఉల్లిచక్రాలు, జలపెనోలు, ఊరిన దోసముక్కలు. అంతే.

"ఇందులో చికెనేదండీ?" అన్నాను.

"చికెనెందుకు? నీకిష్టమైనవన్నీ డబుల్ వేయించా. ఆ అమ్మాయి కంగారుపడింది తెలుసా, 'మేడమ్ ఇవే తింటారా సార్' అని. రెండేళ్లుగా చూస్తున్నానమ్మా, మా ఆవిడ టేస్టు నాకు తెలీదా అన్నా."

నలుగురూ చుట్టూ నిలబడ్డారు. తినక తప్పలేదు. మూడో కొరుకుకి జలపెనో గొంతు పట్టుకుంది, కళ్లల్లోంచి ధారగా నీళ్లు. "అమ్మ ఎమోషనల్ అయిపోయింది!" అని లిఖిత ఫోన్ తీసింది. ఆయన ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టుకున్నారు. సాయంత్రమంతా హృదయాల బొమ్మలు వస్తూనే ఉన్నాయి. "చూశావా, మావాడు ఎంత కనిపెట్టుకుని ఉంటాడో. మీ మావయ్యగారికి నేను పప్పులో ఉప్పు తింటానో లేదో కూడా తెలీకుండానే పోయారు" అన్నారు అత్తయ్య.

అంట్లు తోముతుంటే కోపం వచ్చింది. అప్పటిదాకా ఎక్కడుందో తెలియదు, సబ్బునీళ్లలో చేతులు పెట్టగానే వచ్చేసింది. ఆయనకి చారులో వెల్లుల్లి చిదిమి వేయాలి, తరగకూడదు. నానికి పెరుగన్నంలో మీగడ తగలకూడదు. లిఖితకి వంకాయ పడదు, కానీ గుత్తివంకాయలో పులుసు కావాలి. అత్తయ్య టీలో చక్కెర ఒక చెంచా పైన చిటికెడు, డాక్టరు అడిగితే అసలు వెయ్యననాలి. ఇవన్నీ నేను ఇరవయ్యేళ్లు వాళ్ల నోళ్ల వంక చూసి నేర్చుకున్నాను. నాకు తెలిస్తే అది నా పని. ఆయనకి తెలిస్తే అది ప్రేమ. ఆయనకి తెలిసిందేమిటంటే, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిది నా నోట్లోకి వెళ్తుందని. మనుషులు చెత్తబుట్ట గురించి కూడా ఇంతే తెలుసుకుంటారు. కానీ దానికి పుట్టినరోజు చెయ్యరు.

అయినా నన్ను అసలు భయపెట్టింది ఇది కాదు. సరే తల్లీ, మరి నీకేం ఇష్టం అని ఆ సింకు దగ్గర ఎవరైనా అడిగుంటే నా దగ్గర జవాబు లేదు. పెళ్లికి ముందు ఉండేదేమో. గుర్తు తెచ్చుకోబోతే మా తమ్ముడికిష్టమైనవి గుర్తొచ్చాయి.

గురువారం పొద్దున గుడివాడ వెళ్లొస్తానన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. "మరి మధ్యాహ్నానికి ఏం చేశావమ్మాయ్?" అన్నారు అత్తయ్య.

"పప్పుచారు, దొండకాయ వేపుడు, హాట్‌బాక్సులో అన్నం అత్తయ్యా."

"అయితే వెళ్లిరా."

గుడివాడే ఎందుకంటే, బందరులో సగం మంది మా ఆయన క్లయింట్లు. సబ్‌కొట్టులో నేను 'ఆలివ్‌ల మేడమ్'ని. అవనిగడ్డలో మా అత్తయ్య చుట్టాలున్నారు. పైగా అక్కడి బేకరీవాళ్లు సబ్ అంటూ ఇచ్చేది పొడుగుబన్నులో మడిచిన ఆమ్లెట్టు. బెజవాడ మాల్‌లో ఒకసారి తిన్నాం గానీ రొట్టె ఏసీ కంటే చల్లగా ఉంది. గుడివాడ కొట్టు గురించి లిఖిత స్నేహితురాళ్లు గొప్పగా చెప్పగా విన్నాను. పెడన, గుడ్లవల్లేరు మీదుగా బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లాను. ఒక రొట్టె తినడానికి ఊరు దాటి వెళ్తున్న, ఎంఎస్సీ బోటనీ చదివిన నన్ను ఆ బస్సులో ఎవరూ గుర్తుపట్టలేదు.

కొట్టు నడిపేది హనోకు గారని యాభై దాటిన మనిషి. కువైట్‌లో పన్నెండేళ్లు ఇదే పని చేసొచ్చారట. చేతికి గ్లవుజు తొడుక్కుంటూ "ఏ రొట్టె కావాలమ్మా?" అన్నారు.

"ఏదైనా పర్లేదండీ."

"అదొక్కటే నా దగ్గర లేదమ్మా. తెల్లదుంది, గోధుమదుంది, నువ్వులదుంది."

వంగి చూశాను. అద్దం వెనక టమాటాలు, క్యాప్సికమ్, ఆలివ్‌లు, వరసగా గిన్నెలు. వాటిలో ప్రతిదాని శాస్త్రీయ నామం, కుటుంబం, పువ్వులో ఎన్ని రేకులో నాకు తెలుసు. అది నాకు ఇష్టమో కాదో తెలియదు. "నాకు... ఏది బావుంటుందో తెలీదండీ" అన్నాను, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఆయన నవ్వలేదు. "దానికేముందమ్మా. జనం లేరుగా, రుచి చూసి చెప్పండి" అని ఒక పళ్లెంలో అన్నిట్లోంచీ కాస్త కాస్త పెట్టి ఇచ్చారు.

అక్కడ కూర్చుని ఒక్కొక్కటే నమిలాను. ప్రాక్టికల్ పరీక్షలో కూడా అంత శ్రద్ధగా కూర్చోలేదు. ఆలివ్ నాకు ఇష్టం లేదు. ఉప్పునీళ్లలో నానిన రబ్బరు. పచ్చి ఉల్లిపాయ బొత్తిగా పడదు. మయొనైజ్ నోటికి జిడ్డు. టమాటా ఇష్టం, బాగా ఇష్టం. నువ్వుల రొట్టె ఇష్టం, అదీ కాల్చితే. కృత్తివెన్ను నుంచి పొద్దునే వచ్చాయని ఆయన చూపించిన రొయ్యలు, మిరియాలతో వేయించినవి, మా ఇంట్లో నేను లెక్కలేనన్నిసార్లు వండినవే. తోకలు ఊడదీసి నలుగురికీ వడ్డించాక గిన్నెకంటిన మసాలాలో అన్నం కలుపుకునేదాన్ని. పుదీనా పచ్చడి ఆయనే రుబ్బుతారట. అది ఇంకొంచెం పెట్టమని అడిగాను. అడిగాక, అడిగింది నేనేనా అనిపించింది.

అలా కట్టించుకుని, సబ్ మొత్తం నేనే తిన్నాను. మధ్యలోంచి మొదలుపెట్టాను. మధ్యముక్కలో అంత కూర ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం ఇంట్లో విషయం చెప్తే, మా ఆయన నేను ఎందుకు వెళ్లానని అడగలేదు.

"ఒక్కదానివే తిన్నావా?" అన్నారు.

"ఒక్కతే హోటల్లో కూర్చునా?" అన్నారు అత్తయ్య.

"మాకు తేలేదా?" అన్నాడు నాని.

ఆలివ్‌లు, ఉల్లిపాయలు నాకు ఇష్టం లేదని చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. "ఏదో కోపంలో ఉన్నావు. రెండేళ్లు లొట్టలేసుకుంటూ తిన్నదానివి ఇవాళ మాట మారిస్తే ఎలా? నాకు తెలుసులే."

నా నాలుక గురించి నా మాటకంటే ఆయన వాంగ్మూలానికే విలువెక్కువ. లాయర్లతో అదొక ఇబ్బంది. కేసు ఓడినా "అప్పీలుకి వెళ్తున్నాం" అంటారు గానీ ఓడామనరు. ఆదివారం అందరితో పాటు కోనేరు సెంటరుకి బయల్దేరాను. వరసలో ఈసారి వెనక కాకుండా ఆయన పక్కన నిలబడ్డాను.

మా వెనకే గూడూరు శివరామయ్య గారు, మనవరాలికి సబ్ కొనివ్వడానికి వచ్చారట. ఆయన పొలం దావా మా ఆయన దగ్గరే ఉంది. "నమస్కారం లాయరు గారూ" అన్నారు. మా ఆయన నమస్కారం పెట్టి, రొమ్ము కాస్త ముందుకు తెచ్చి నాలుగు సబ్‌లు చెప్పారు.

"ఐదు" అన్నాను. "నాకొకటి. నువ్వుల రొట్టె, బాగా కాల్చమ్మా. రొయ్యలు."

మా ఆయన ఒక్క క్షణం ఆగి, ఉదారంగా చెయ్యి ఊపారు. "సరే, ఐదు. ఆవిడ దాంట్లో ఆలివ్స్ దండిగా వెయ్యమ్మా."

"వద్దమ్మా."

"వెయ్యమ్మా, ఆవిడకి ఇష్టం."

ఆ అమ్మాయి చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇష్టం లేదని గురువారం చెప్పాను కదండీ."

"దుర్గా, అందరిముందూ ఏంటిది? రెండేళ్లు తిన్నావా లేదా? అది చెప్పు."

"తిన్నాను. అవి నాని ఏరి పడేసినవి."

"అదేం మాట! ఒరేయ్ నానీ, నువ్వు ఆలివ్స్ తినవా?"

"ఛీ, వాక్" అన్నాడు నాని.

"ఉల్లిపాయలు? లిఖితా?"

"నేనెప్పుడు తిన్నాను డాడీ?"

ఆయన మూడో ప్రశ్నకి నోరు తెరిచి ఆగారు. జలపెనోలు ఏరేది ఎవరో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అత్తయ్య వైపు తిరిగారు. గొంతు తగ్గింది. "అమ్మా, ఆ దోసముక్కలు..."

"నాకు పళ్లు జివ్వుమంటాయిరా. దుర్గ కాగితంలో పడేస్తా." అత్తయ్య అంతటితో ఆగుతారనుకున్నాను. "నిజానికి ఇన్నాళ్లూ నీకేం ఇష్టమని దాన్ని నేను కూడా ఏనాడూ అడగలేదురా సుధీరూ" అన్నారు.

"సాక్షులందరూ అమ్మగారి వైపే చెప్తన్నారు లాయరు గారూ" అన్నారు వెనకనించి శివరామయ్య గారు, గొప్ప విచారంతో.

"మీరు నాకు పుట్టినరోజుకి పెట్టింది అదండీ. మీ నలుగురూ వద్దన్నది. డబుల్" అన్నాను. అరవలేదు. అరిచుంటే కోపమనుకుని ఊరుకునేవారు.

ఆయన మొహంలో రంగు దిగింది. ఆ ఫొటో గుర్తొచ్చి ఉంటుంది, నా కళ్లనీళ్లు. మెడ రుద్దుకున్నారు. వరస పెరుగుతోంది. అమ్మాయి మెల్లిగా అడిగింది, "సార్, మరి ఆలివ్స్ వెయ్యాలా వద్దా సార్?"

ఆయన క్లయింటు వైపు చూశారు, తల్లి వైపు చూశారు. చివరికి ఆ అమ్మాయికే చెప్పారు గానీ, గొంతు వరసలో ఆఖరి మనిషిదాకా వినపడింది.

"నన్నడక్కమ్మా, ఆవిణ్ణడుగు. నేను చెప్పింది తప్పు. రెండేళ్లుగా తప్పే చెప్తున్నాను."